మసిగుడ్డల మీద నా పద్నాలుగు నెలల లెక్క

పోయిన ఏడాది సంక్రాంతి ముందు వంటిల్లు దులుపుతుంటే సింకు కింద అరలో పాత స్పాంజీలు పదకొండు దొరికాయి. ఒకటి మూల చిరిగింది, ఒకటి మధ్యలో గుంట పడింది, అన్నీ నల్లబడ్డవే. పారేయడానికి చెయ్యి రాక, బాత్రూమ్ కడగడానికి పనికొస్తాయిలే అని నేనే దాచాను. వాటి పక్కన కొత్త టిష్యూ రోల్స్ మూడు. మా ఇంట్లో నెలకి రెండు రోల్స్ అయిపోయేవి. పెనం తుడవడానికి ఒక కాగితం, పిల్లలు పాలు ఒలకబోస్తే నాలుగు, స్టవ్ మీద పులుసు పొంగితే ఆరు. ఆ పసుపు స్పాంజి ప్లాస్టిక్ నురుగు, దాని మీది ఆకుపచ్చ పీచూ ప్లాస్టిక్కే. ఈ స్పాంజీలన్నీ మా వీధి చెత్త బండి ఎక్కి కాపులుప్పాడ యార్డుకి చేరేవే తప్ప మట్టిలో కలిసేవి కావు. నేను ఇరవై రెండేళ్ళుగా విశాఖలో ఇంటి దగ్గరే జాకెట్లు, చుడీదార్లు కుట్టి బతుకుతున్నదాన్ని. మిషన్ పక్కన సంచుల కొద్దీ గుడ్డముక్కలు పెట్టుకుని, గట్టు తుడవడానికి డబ్బిచ్చి కాగితం కొంటున్నానని ఆ రోజు చాలా బాధ కలిగింది.

అప్పటి నుంచి ఈ మార్చి దాకా ఎనిమిది రకాల గుడ్డలు వాడి చూశాను. కొన్ని కొన్నాను, కొన్ని కుట్టుకున్నాను. ప్రతి గుడ్డ అంచు మీద మార్కర్‌తో వాడకం మొదలుపెట్టిన తేదీ రాశాను. మేం ఐదుగురం, రెండు పూటలా వంట, వారానికి రెండుసార్లు చేపలు. ఉదయం టిఫిన్ అయ్యాక గట్టు మీద ఒక టీ గ్లాసు నీళ్ళు పోసి ఒక్కో గుడ్డతో తుడిచేదాన్ని. రాత్రి తొమ్మిదింటికి అన్నిటినీ పిండి వాష్ ఏరియాలో ఒకే కర్ర మీద ఆరేసి, పొద్దున్న ఆరింటికి చేత్తో పట్టి చూసేదాన్ని. మొదట్లో నీళ్ళు పీల్చడం చూద్దామనే అనుకున్నాను. ఆరడం సంగతి తర్వాత తెలిసింది.

ముందు స్పాంజి క్లాత్ గురించి. పల్చటి అట్టలా ఉంటుంది, నీళ్ళు తగలగానే మెత్తబడి ఉబ్బుతుంది. ఇది స్వీడన్‌లో పుట్టిన వస్తువు, 1949 నాటిది. కలప గుజ్జులో నూలు కలిపి చేస్తారు. నీళ్ళు పీల్చడంలో దీనికి సాటి లేదు. టీ గ్లాసు నీళ్ళు రెండు చేతి విసుర్లలో లాగేసింది, గట్టు మీద తడి చార కూడా మిగల్లేదు. తెల్లారేసరికి ఎండి అప్పడంలా గట్టిపడింది, అంటే వాసనకి తావు లేదు. అందుకే మొదటి నెల దీని మీద నాకు చాలా మోజు కలిగింది. కానీ మన స్టవ్ వేరు. బర్నర్ చుట్టూ ఇనుప కాళ్ళు, వాటి కింద మాడిన పప్పు నురగ, అంటుకుపోయిన చింతపండు పులుసు. అక్కడ గట్టిగా రుద్దితే ఈ గుడ్డ మధ్యలో పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఆరు వారాలకి మొదటిది చిల్లు పడింది, రెండోది రెండు నెలలు వచ్చింది. ఐదింటికి మూడు వందల పది రూపాయలు పెట్టాను. చాకిరీ అంతా అద్దం లాంటి గట్టు మీదే అయిన ఇంట్లో ఇది ఆర్నెల్లు కూడా వస్తుందేమో, తాలింపు పెట్టే స్టవ్ దగ్గర రాదు.

మట్టిలో కలిసిపోతుందని దాని అట్ట మీద రాశారు కదా, నిజంగానే చూద్దామని చిల్లు పడ్డ గుడ్డని జూన్‌లో కరివేపాకు కుండీలో బెత్తెడు లోతున పాతాను. నవంబరులో తవ్వాను. గుజ్జంతా పోయింది, నిజమే. కానీ లోపలి నుంచి సన్నని దారాల వల ఒకటి బయటపడింది, మెరుస్తూ, చెక్కుచెదరకుండా. ఆ దారం ఒకటి తెంపి అగ్గిపుల్లతో కాలిస్తే ముడుచుకుపోయి నల్ల పూసలా ముద్ద కట్టింది. అంటే పాలిస్టర్. అన్ని కంపెనీల గుడ్డలకీ ఇలా వల ఉంటుందని నేను అనడం లేదు. రెండోసారి వేరే కంపెనీది కొని కత్తెరతో అంచు కోసి, చీల్చి చూస్తే దానిలో వల లేదు. మీరు కొంటే మీరూ ఒక మూల కోసి చూడండి, రెండు నిమిషాల పని.

ఈ కాల్చి చూసే పద్ధతి బట్టల కొట్టు వాళ్ళూ మేమూ ఎప్పటినుంచో వాడేదే. నూలు దారం కాలిస్తే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది. వంటింటి గుడ్డ కొనేటప్పుడు ఇది తెలియడం చాలా అవసరం. ఎందుకో మైక్రోఫైబర్ దగ్గర చెప్తాను.

మైక్రోఫైబర్ మా ఇంట్లోకి మా వారి కారు నుంచి వచ్చింది. నాలుగు రంగుల్లో, ముట్టుకుంటే చేతికి అంటుకుపోయే మెత్తటి గుడ్డలు. ఫ్రిజ్ తలుపు, మిక్సీ, అద్దం, స్టీలు డబ్బాల మూతలు దీనితో తుడిస్తే గీత లేకుండా మెరుస్తాయి. సబ్బు కూడా అక్కర్లేదు. అది ఒప్పుకుంటాను. కానీ ఆ గుడ్డ మొత్తం ప్లాస్టిక్ దారమే, పాలిస్టర్‌లో కొంత నైలాన్ కలిపి వెంట్రుక కంటే సన్నగా చీల్చి నేస్తారు. ఉతికినప్పుడల్లా ఆ పోగుల తుక్కు నీళ్ళలోకి పోతుంది. దాన్ని వేడినీళ్ళలో ఉడకబెట్టకూడదు, కంఫర్ట్ లాంటివి వేయకూడదు, నూలు గుడ్డలతో కలిపి ఉతికితే వాటి నూగంతా పట్టేసుకుంటుంది. నూనె జిడ్డు ఒకసారి పట్టిందంటే వదలదు, నాలుగో రోజుకి పాత నూనె డబ్బా వాసన.

ఇవన్నీ సర్దుకోవచ్చు. అసలు సమస్య వేడి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను మిషన్ దగ్గర ఉన్నాను. మా వారు స్టవ్ మీద కళాయి దించబోయి, చేతికి అందింది కదా అని నీలం మైక్రోఫైబర్‌తో పట్టుకున్నారు. రెండు క్షణాల్లో గుడ్డ కళాయి చెవికి అతుక్కుపోయింది. వదిలేశారు కాబట్టి వేలి కొసలు మాత్రం ఎర్రబడ్డాయి. కళాయి చెవికి పట్టిన నీలం మరక ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మన ఇళ్ళల్లో తుడిచే గుడ్డ, దించే గుడ్డ వేరువేరుగా ఉండవు. మసిగుడ్డ అంటేనే రెండూ. ఏది చేతికి దొరికితే దానితోనే దించుతాం. అందుకే స్టవ్‌కి అందే దూరంలో నూలు తప్ప ఇంకేదీ ఉండకూడదని ఆ రోజే నిర్ణయించాను. ఇప్పుడా మైక్రోఫైబర్లు హాల్లో అల్మరా అద్దం దగ్గర ఉన్నాయి, వంటింటి గడప దాటవు. ఉన్నవి పారేస్తే మళ్ళీ చెత్తే కాబట్టి అరిగేదాకా అక్కడే వాడతాను. కొత్తవి కొనను.

వెదురు గుడ్డల రోల్ చూసి చాలామంది లాగే నేనూ ఆశపడ్డాను. టిష్యూ రోల్ లాగే చుట్టి ఉంటుంది, ఒక్కో షీటు ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు. పేరు వెదురు, మీద పచ్చటి ఆకు బొమ్మ. కానీ లేబుల్ తిప్పి సన్నక్షరాలు చదివితే విస్కోస్ అని ఉంది. విస్కోస్ అంటే వెదురు గుజ్జుని కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్ లాంటి రసాయనాలతో కరిగించి మళ్ళీ దారంగా తీసింది, మేం కొట్లో రేయాన్ అనేది అదే. కాల్చి చూస్తే నూలులాగే కాలుతుంది, అక్కడ మోసపోతాం. తడిపి లాగితే తేడా తెలుస్తుంది. నూలు తడిస్తే ఇంకా బలపడుతుంది, విస్కోస్ తడిస్తే బలం తగ్గుతుంది. చాకిరేవులో నూలు పంచెని బండకేసి బాదినా ఏమీ కాకపోవడానికి కారణం అదే. నేను కొన్న రోల్‌లో ఒక షీటు తడిపి, పిండి, గట్టు మూల దగ్గర రుద్దితే ఐదో ఉతుక్కి బొబ్బట్టు పిండిలా సాగింది, ఎనిమిదో ఉతుక్కి చీలింది. టిష్యూ కంటే నయమే, కాదనను. అంత డబ్బు పెట్టదగ్గది మాత్రం కాదు.

టర్కీ టవల్ ముక్కలు ఎవరికీ వద్దు. దాని మీది దారపు ఉచ్చుల్లో ఆవాలు, జీలకర్ర, కొబ్బరి తురుము దూరి ఉతికినా రావు.

ఇప్పుడు నేను నేర్చుకున్న అసలు సంగతికి వస్తాను. జూన్‌లో నా చేతి పనితనమంతా పెట్టి ఆరు గుడ్డలు కుట్టాను. మిగిలిన కాటన్ లైనింగ్ ముక్కలు నాలుగు పొరలు వేసి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, చుట్టూ ఎర్ర పైపింగ్ పెట్టాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే జాకెట్లకి వచ్చినవాళ్ళు ఇద్దరు అడిగి పట్టుకెళ్ళారు. నీళ్ళు బాగా పీల్చాయి. వేడి గిన్నె దించినా చెయ్యి కాలలేదు. జులైలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్న వాష్ ఏరియా తలుపు తీస్తే ఆరేసినవన్నీ ఒకే వాసన, తడి కుక్క వాసన. పైపొర పొడిగానే ఉంది. పైపింగ్ దగ్గర నొక్కితే లోపల చెమ్మ. కుట్టు విప్పి చూశాను, లోపలి రెండు పొరల మీద ఆవగింజలంత నల్ల మచ్చలు. బూజు. ఆ గుడ్డతోనే పిల్లల పళ్ళేలు తుడిచాను రెండు రోజులు.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ అంతకు ముందే చెప్పింది, నేనే వినిపించుకోలేదు. "ఇవి పిండలేం అక్కా, మణికట్టు లాగేస్తంది. అమ్మోరి పాత చీర ముక్కైతే ఇలా అంటే అలా ఆరిపోద్ది" అంది. ఆవిడ రోజుకి ఐదిళ్ళల్లో గుడ్డలు పిండుతుంది. ఏ గుడ్డ ఎంత నీళ్ళు పట్టుకుని బరువెక్కుతుందో ఆవిడ చేతులకి తెలిసినంత నా కొలతల పుస్తకానికి తెలియదు.

ఆ రోజు నుంచి నా పరీక్ష మారింది. ఎంత పీలుస్తుందన్నది రెండో మాట, ఎంత సేపట్లో ఆరుతుందన్నదే మొదటి మాట. సముద్రం పక్కన ఊరు మాది. వానాకాలం గాలిలోనే నీళ్ళుంటాయి. పీల్చిన నీళ్ళు వదలని గుడ్డ ఇక్కడ పుండులా కుళ్ళుతుంది. రాయలసీమలో ఉన్నవాళ్ళకి మందపాటి గుడ్డ నడుస్తుందేమో, కోస్తాలో నడవదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నేత సందుల్లోంచి కిటికీ కనబడాలి, ఒక్క చేత్తో పిండగలగాలి, రాత్రి ఆరేస్తే పొద్దున్నకి గలగలలాడాలి. ఈ మూడిటికీ నిలిచినవి మూడే మిగిలాయి.

ఒకటి, గళ్ళ నేత తువ్వాలు, ఇంగ్లీషులో వాఫిల్ అంటారు. తేనెపట్టులా చిన్న చిన్న గుంటలు గుంటలుగా నేస్తారు. తమిళనాడులో కరూర్ ఇలాంటి వంటింటి తువ్వాళ్ళకి పెట్టింది పేరు, అక్కడి నుంచి విదేశాలకి పోతాయి. ఎగుమతి సరుకు అమ్మే చిన్న కొట్టులో మూడు తువ్వాళ్ళు రెండు వందల అరవైకి తెచ్చాను. గుంటల వల్ల గాలి ఆడుతుంది, మందంగా కనబడ్డా తొందరగా ఆరుతుంది. కడిగిన స్టీలు గిన్నెలు, గాజు గ్లాసులు తుడవడానికి నేను వాడిన వాటిలో ఇదే మేలు. గట్టు మీద వాడితే మాత్రం ఆ గుంటల్లో మెంతులూ మినపగుళ్ళూ ఇరుక్కుంటాయి కాబట్టి గిన్నెలకే ఉంచాను. ఒక జాగ్రత్త, ఇది బాగా ముడుచుకుంటుంది. యాభై సెంటీమీటర్ల వెడల్పున్నది మూడు ఉతుకులకి నలభై ఐదు అయింది.

రెండు, ఖాదీ డస్టర్. మా అమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా, కాబట్టి ఖాదీ కొట్టంటే నాకు చిన్నప్పటి నుంచీ అభిమానం. అక్కడి పొందూరు సన్న ఖాదీ, ఆ వాలుగ చేప దవడతో దూది దువ్వి వడికే నూలు, పంచెలకీ చీరలకీ గానీ వంటింటికి కాదు. వంటింటికి కావలసింది ఆఫీసుల్లో బల్లలు తుడవడానికి కొనే ముతక గళ్ళ డస్టర్. అడిగితే కౌంటర్ కింద అరలోంచి తీశారు, ఒక్కొక్కటి నలభై ఐదు రూపాయలు. తెచ్చిన రోజు దానితో గట్టు తుడిస్తే నీళ్ళు అటూ ఇటూ తోలింది తప్ప చుక్క పీల్చలేదు. కొత్త నూలుకి నేతలో పెట్టిన గంజి ఉంటుంది, దూదికి పుట్టుకతో వచ్చిన కొద్దిపాటి మైనం ఉంటుంది, అవి పోయేదాకా అంతే. చాలామంది ఇక్కడే విసుగొచ్చి నూలు పనికిరాదని పక్కన పెట్టేస్తారు. నేను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న గుప్పెడు బట్టల సోడా వేసి అరగంట ఉడకబెట్టాను. నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి. అలా రెండుసార్లు చేశాక, ఒక చుక్క నీళ్ళు మీద వేసి చూశాను. మొదటి రోజు ముత్యంలా నిలబడ్డ చుక్క, ఇప్పుడు పడీ పడగానే ఇంకిపోయింది. అప్పటి నుంచి ఆ గుడ్డలు ఉతికిన కొద్దీ మెత్తబడుతున్నాయి. స్టవ్ కాళ్ళ చుట్టూ రుద్దడానికి, గిన్నెలు దించడానికి ఇవే. పదకొండు నెలలైంది, ఒక్కటి మాత్రం మధ్యలో పల్చబడింది. పెట్టిన డబ్బుకి ఇంతకంటే గిట్టుబాటైన వస్తువు నా వంటింట్లో లేదు.

మూడోది డబ్బు పెట్టి కొనేది కాదు. పాత నేత చీర. మా అత్తమ్మ ముప్పై ఏళ్ళు కట్టిన తెల్ల నూలు చీర, కొంగు చిరిగాక పక్కన పెట్టారు. అడిగితే, "తీసుకోమ్మా, గంజి పెట్టి పెట్టి నేనే మెత్తన చేశాను దాన్ని" అన్నారు. జరీ అంచు విప్పేసి, మూర పొడవు ముక్కలు పద్దెనిమిది కోశాను. ఒంటి పొరే, చుట్టూ సన్నంగా మడిచి కుట్టాను. ముట్టుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండదు. నీళ్ళు స్పాంజి క్లాత్ అంత పీల్చదు, టీ గ్లాసు నీళ్ళకి రెండుసార్లు పిండాలి. కానీ జులై ముసురులో కూడా రాత్రి ఆరేసినది తెల్లారేసరికి ఆరింది ఇదొక్కటే. నూగు రాలదు. ముప్పై ఏళ్ళ ఉతుకుల్లో రాలవలసిన నూగంతా ఎప్పుడో రాలిపోయింది.

దీని విలువ నాకు ఆవకాయ రోజు తెలిసింది. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించుకొచ్చాక ఒక్కో ముక్కా మళ్ళీ తుడవాలి కదా. జీడి తీసేసి, టెంకకి లోపల అంటుకున్న కాగితం లాంటి పొర గీకి, చెమ్మ లేకుండా తుడవాలి. ఎక్కడ తడి ఉన్నా పచ్చడి బూజు పడుతుంది. పోయిన మే నెలలో నాలుగు రకాల గుడ్డలు పెట్టుకుని కూర్చున్నాను. గళ్ళ నేతకి మామిడి పీచు పట్టుకుంది. డస్టర్ అప్పటికింకా కొత్తది, ముక్క మీద తెల్ల నూగు వదిలింది. విస్కోస్ రెండు దోసిళ్ళ ముక్కలకే తడిసి జారిపోయింది. చీర ముక్కతో తుడుస్తుంటే ఆ పొర దానంతటదే గుడ్డకి అంటుకుని వచ్చేసింది, వేలితో గీకే పని కూడా లేదు. అత్తమ్మ ఒక ముక్క తీసి వెలుతురుకి పెట్టి చూసి, నోట్లో వేసుకుని, తల ఊపారు. పాతిక కాయల ఆవకాయ ఈ మార్చికి అడుగున కొద్దిగా ఉంది, పైన తెల్ల చుక్క కూడా రాలేదు.

పాత చీర లేనివాళ్ళు ఏం చెయ్యాలని మా కస్టమర్లు అడుగుతుంటారు. పాత నూలు పంచె, కాశీ తువ్వాలు, చిన్నప్పుడు పిల్లలకి వాడిన మల్లు గుడ్డ, ఏదైనా సరే, పూర్తి నూలై ఉండాలి. ఇప్పుడు కాటన్ పేరుతో అమ్మే చాలా చీరల్లో పాలిస్టర్ కలిసి ఉంటుంది. వాటితో తుడిస్తే నీళ్ళు పారతాయి, ఇంకవు. ఆన్‌లైన్‌లో నేను ఒకచోట నూటికి నూరు శాతం కాటన్ అని ఉన్న పన్నెండు గుడ్డల ప్యాక్ తెప్పించాను. దారం కాలిస్తే పూస కట్టింది. ఫొటో తీసి పంపాను. లైటుగా కలిసి ఉండొచ్చు మేడమ్, అందరూ బాగుందంటున్నారు అని జవాబు. వెనక్కి తీసుకోవడానికి పదహారు రోజులు, ఆరు ఫోన్లు పట్టింది. నూలని నమ్మి ఆ గుడ్డతో ఎవరైనా మరిగే నూనె కళాయి దించితే ఏమవుతుందో అమ్మేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి. ఆ కోపం నాకింకా పోలేదు.

ఏ గుడ్డ దేనికన్నది కలిసిపోకుండా నేను అంచు పోగులు రాకుండా కుట్టే ఓవర్‌లాక్ దారం రంగుతో గుర్తు పెట్టాను. గట్టుకి ఆకుపచ్చ, గిన్నెలకి నీలం, చేపలూ మాంసం దగ్గర ఎరుపు. ఎర్ర అంచు గుడ్డ ఆ పని అవగానే విడిగా బకెట్లోకి పోతుంది, రెండో పనికి ఆగదు. కొత్తిమీర చుట్టడానికి, దోసెల పిండి మీద కప్పడానికి, ఇడ్లీ పళ్ళెంలో వేయడానికి అంచు రంగు లేని తెల్లవి, అవి ఎప్పుడూ తుడవడానికి రావు. అందరికీ ఓవర్‌లాక్ మిషన్ ఉండదు, మూలన రంగు దారంతో చేత్తో నాలుగు కుట్లు వేసినా చాలు. మా చిన్నాడికి ఏడేళ్ళు, వాడు కూడా ఎర్ర అంచు ముట్టుకోడు.

ఉతకడం ఇలా. రోజూ రాత్రి ఆ రోజు వాడినవన్నీ వేడినీళ్ళలో సబ్బుపెట్టి చేత్తో పిండేస్తాను, ఐదు నిమిషాలు. ఆదివారం అన్నిటినీ సోడా వేసి స్టీలు గిన్నెలో ఉడకబెడతాను. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేసి నల్లగా చేస్తుంది, ఆ నలుపు గుడ్డలకి పడుతుంది. తర్వాత మేడ మీద ఎండలో. పసుపు మరకల గురించి టెన్షన్ పడొద్దు. సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే. దాన్ని చూసి పాడైపోయిందనుకుని బ్లీచింగ్ పోస్తే నూలు కుళ్ళిపోతుంది. కడిగి ఎండలో వేస్తే రెండు పూటల్లో ఆ మరక దానంతటదే పాలిపోతుంది. వానాకాలంలో మరక ఉండిపోతే ఉండనివ్వండి, అది మురికి కాదు. కంఫర్ట్ లాంటివి మాత్రం వేయకండి. మెత్తదనం కోసం వేసే ఆ ద్రవం దారం మీద పూతలా పట్టి, నూలుని మళ్ళీ మొదటి రోజు డస్టర్‌లా చేస్తుంది.

మరీ జిడ్డుగా ఉన్న కళాయికి ఏ గుడ్డా వాడొద్దు. వేపుడు అయ్యాక గోరువెచ్చగా ఉండగానే చెంచాడు శనగపిండి చల్లి, నాలుగు వేళ్ళతో రుద్ది, ఆ ముద్ద కుండీలో కాదు, తడి చెత్తలో వేస్తాను. మొక్కలకి నూనె పడదు. అంట్లకి స్పాంజి బదులు బీరపీచు. పెరట్లో ముదిరిన బీరకాయ ఉన్నవాళ్ళకి ఖర్చే లేదు, నేను పూర్ణా మార్కెట్లో కొంటాను. ఒకటి మూడు వారాలు వస్తుంది.

టిష్యూ రోల్ పోయిన ఏడాది జనవరిలో ఉన్న ఆ మూడింటి తర్వాత కొనలేదు. ఒక్కటి మాత్రం అల్మరా పైన ఉంచాను, పిల్లలకి కడుపు పాడైనప్పటికి. గుడ్డల మీద ఈ పద్నాలుగు నెలల్లో నేను పెట్టింది, పనికిరానివి కూడా కలిపి, పదిహేను వందల లోపే. ఆ పనికిరానివి కొనకపోయి ఉంటే డస్టర్లూ గళ్ళ తువ్వాళ్ళూ కలిపి ఐదు వందల్లో తేలిపోయేది.

చీర ముక్కలు పద్దెనిమిదిలో నాలుగు ఇప్పుడు పోగులు వస్తున్నాయి. వాటి కుట్టుదారం పాలిస్టర్ కాబట్టి అంచు కత్తిరించేసి, మధ్య గుడ్డ మాత్రం కరివేపాకు కుండీలో వేశాను. ఈసారి అంచులు నూలు దారంతోనే కుడతాను. వచ్చే నెలలో మా ఇద్దరు కస్టమర్ల కోసం ఖాదీ కొట్టు నుంచి పది మీటర్ల తాను తెచ్చి గుడ్డలు కుట్టబోతున్నాను. మీరూ తాను కొని కుట్టుకునేటట్టైతే, కత్తిరించే ముందు మొత్తం తానుని సోడాలో ఉడకబెట్టి ఆరేయండి. కోసి కుట్టాక ముడుచుకుంటే అంచులు మెలి తిరుగుతాయి, నేను మొదట కుట్టినవి అలాగే అయ్యాయి.